హుగ్లీ నది కింద రైలెక్కి వచ్చాం – కలకత్తా పాతాళ రైలు కథ తెలిసినవాళ్లు చెప్పండి

పెన్నాతీరం (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి కలకత్తాలో పీజీ సీటొచ్చింది. వాణ్ణి దింపి రావడానికి పోయిన నెల హౌరా మెయిల్లో వెళ్లాం. హౌరా స్టేషన్‌లో దిగి ట్యాక్సీ మాట్లాడబోతుంటే వాడు వద్దమ్మా, మెట్రోలో పోదాం అన్నాడు. ఎస్కలేటర్ దిగితే ఇంకో ఎస్కలేటర్, అది దిగితే మరొకటి. ఇంకెంత లోతురా అని రెండుసార్లు అడిగాను. రైలు కదిలిన కాసేపటికి కిటికీ బయట గోడల మీద నీలం లైట్లు కనబడ్డాయి. పక్కన కూర్చున్న పెద్దావిడ మావాడితో హిందీలో "ఇప్పుడు మన నెత్తిన గంగ ఉంది" అని చెప్పి, పైకి చూసి దణ్ణం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. ముక్కాలు నిమిషం కూడా పట్టలేదు, అవతలి ఒడ్డుకు వచ్చేశాం.

ఎస్ప్లనేడ్‌లో దిగి పాత లైను ఎక్కితే వేరే ఊరికి వచ్చినట్టు అనిపించింది. స్తంభాలు, మెట్లు, గోడలు అన్నీ పాతకాలంవి. ఇది 1984లోనే మొదలైందట, దేశంలో ఇదే మొదటిదట. అప్పటికి నేను రెండో తరగతి. మా ఊళ్లో గొట్టపు బావి వేస్తుంటేనే బడి ఎగ్గొట్టి చూసేవాళ్లం. ఆ రోజుల్లో అంత పెద్ద ఊరి కింద రైలుదారి ఎలా తవ్వారు? పైన ఇళ్లు, దుకాణాలు, జనం ఏమయ్యారు? ఇంటికొచ్చినా అదే ఆలోచన. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

కావలి ఓవర్‌బ్రిడ్జి (కావలి)

అక్కా, మంచి ప్రశ్న. నాకు రైళ్ల చరిత్రంటే ప్రాణం కాబట్టి మొదట్నించీ చెబుతాను.

కలకత్తా కింద రైలు నడపాలన్న ఆలోచన బ్రిటిష్ వాళ్ల కాలం నాటిదే. 1921లో హార్లీ డాల్రింపుల్ హే అనే ఇంజినీరు లెక్కలతో సహా పథకం రాసిచ్చాడు. చిత్రమేమిటంటే ఆయన గీసింది తూర్పు పడమర దారి, అంటే నది కింద నుంచి హౌరాకు పోయే దారి. మీరు పోయిన నెల ఎక్కింది దాదాపు ఆ ఊహే. డబ్బులు లేక అది కాగితం మీదే ఆగింది.

స్వాతంత్ర్యం వచ్చాక ముఖ్యమంత్రి బి.సి. రాయ్ మళ్లీ కదిపారు. ఫ్రెంచి నిపుణులు వచ్చి సర్వే చేశారు కానీ పని మాత్రం జరగలేదు. ఈలోగా దేశ విభజనతో లక్షల మంది కాందిశీకులు ఆ ఊరికి చేరారు. ఊరి విస్తీర్ణంలో రోడ్లున్నది 4.2 శాతమే. ట్రాములు, బస్సులు, లాగుడు రిక్షాలు, జనం అంతా ఆ కాస్త చోటులోనే. వెడల్పు చేద్దామంటే పక్కన జాగా లేదు. 1969లో దీనికోసం ప్రత్యేక విభాగం పెట్టారు. 1971లో సోవియట్, తూర్పు జర్మనీ నిపుణుల సాయంతో మొత్తం 97.5 కిలోమీటర్ల మాస్టర్ ప్లాన్ తయారైంది. అందులోంచి ఉత్తరాన డమ్‌డమ్ నుంచి దక్షిణాన టాలీగంజ్ దాకా పదహారున్నర కిలోమీటర్ల దారిని ముందు ఎత్తుకున్నారు. 1972 డిసెంబర్ 29న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు.

మొదటి రైలు నడిచింది 1984 అక్టోబర్ 24న, ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా. 3.4 కిలోమీటర్లు, అయిదు స్టేషన్లు. ఆ భవానీపూర్ స్టేషనే ఇప్పుడు నేతాజీ భవన్. శంకుస్థాపన చేసిన ఇందిర ఆ తర్వాత సరిగ్గా వారానికి మన మధ్య లేరు.

చీమకుర్తి నల్లరాయి (చీమకుర్తి)

శంకుస్థాపన నుంచి మొదటి రైలుకు పన్నెండేళ్లా? అదీ 3.4 కిలోమీటర్లకి? అన్నా, నేను క్వారీలో పుట్టి పెరిగినవాణ్ణి. రాతిలో వంద అడుగులు దిగడం అంటే ఏమిటో తెలుసు. అక్కడ రాయి కూడా లేదు, అంతా మెత్తటి ఒండ్రుమట్టి అంటారు. మట్టి తవ్వడానికి పన్నెండేళ్లు పట్టిందంటే నాకు మింగుడు పడటం లేదు. జనం డబ్బు, జనం కాలం రెండూ వృథా చేసినట్టే.

కోవూరు రిటైర్డ్ ఏఈ (కోవూరు)

నల్లరాయి గారూ, మీ మాట కాదనను కానీ రాయి కంటే మెత్తటి మట్టే ఇంజినీరుకి పెద్ద పరీక్ష. మీ క్వారీలో వంద అడుగులు దిగితే గోడ తనంతట తను నిలబడుతుంది. మా పెన్నా పక్క ఇసకలో పది అడుగులు తవ్వి చూడండి, గోడ మీ మీదికే వస్తుంది. అందుకే కదా మనవాళ్లు ఒరల బావి కనిపెట్టారు. ముందు ఒర పెట్టి, లోపల కూర్చుని మట్టి తోడుతుంటే ఒర దిగుతుంది, దాని మీద ఇంకో ఒర. తవ్వేది తర్వాత, ఆపేది ముందు. కలకత్తాలో చేసిన పని మూలసూత్రం కూడా ఇదే.

అక్కడ కొద్ది అడుగులు దిగితే నీళ్లు. కింద మెత్తటి బంకమట్టి. రోడ్డుకు రెండు పక్కలా వందేళ్ల నాటి ఇళ్లు, వాటి పునాదులు ఏపాటివో ఎవరికీ తెలియదు. కాబట్టి రోడ్డుకు అటొకటి ఇటొకటి సన్నటి లోతైన కందకం తవ్వుతారు. తవ్వుతున్నంతసేపూ దాని నిండా బెంటొనైట్ అనే జిగట మట్టినీళ్లు నింపి ఉంచుతారు. చిక్కటి జావలా ఉంటుంది. దాని బరువే కందకం గోడల్ని కూలకుండా పట్టుకుంటుంది. ఆ జావలోకే ఇనప చువ్వల పంజరం దించి, అడుగు నుంచి కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు లేచేకొద్దీ జావ పైకి పొంగి బయటికి వస్తుంది, దాన్ని తోడి మళ్లీ పక్క కందకానికి వాడుకుంటారు. ఇలా రెండు గోడలు తయారయ్యాక, అప్పుడు మధ్య మట్టి తీయడం. గోడలు లోపలికి ఒరగకుండా అడ్డంగా ఇనప దూలాలు బిగిస్తూ దిగుతారు. పైన రోడ్డు మీద తాత్కాలికంగా పలకలు పరిచి ట్రాములు, బస్సులు నడపాలి. అడుగుకు చేరాక కాంక్రీటు పెట్టె కట్టి, పైన మళ్లీ మట్టి కప్పి, రోడ్డు వేయాలి.

ఇంతా చేసి, తవ్వే ముందు ఇంకో పని ఉంది. ఆ రోడ్డు కింద బ్రిటిష్ కాలం నాటి మురుగుకాలవలు, మంచినీళ్ల గొట్టాలు, గ్యాస్ గొట్టాలు, కరెంటు తీగలు, టెలిఫోను తీగలు ఉన్నాయి. ఒక్కోదాన్నీ పక్కకు తప్పించాలి, ఒక్కరోజు కూడా సరఫరా ఆగకూడదు. దానికి తోడు కోర్టు స్టేలు, డబ్బులు సరిగా విడుదల కాకపోవడం. 1977-78 దాకా పని నత్తనడకే. చేతకాక ఆలస్యమైందంటే నేనొప్పుకోను. మన దేశంలో అంతకుముందు ఎవరూ చేయని పని అది. చేస్తూ నేర్చుకున్నారు.

పొగాకు బ్యారన్ (ఒంగోలు)

నాకు డెబ్బై నాలుగేళ్లు. పొగాకు వ్యాపారం మీద ఏటా రెండుసార్లు కలకత్తా పోయేవాణ్ణి. ఏఈ గారు చెప్పిన ఆ కందకాల పక్కన నడిచినవాణ్ణి కాబట్టి చూసింది చెబుతాను.

1980లో చౌరంగీ రోడ్డంతా తవ్విపోశారు. బస చేసిన లాడ్జి నుంచి ఎదుటి టీకొట్టుకి పోవాలంటే చెక్క వంతెన ఎక్కి దిగాలి. వానాకాలంలో ఆ గుంతల్లో నీళ్లు, పైన బురద, పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టుకుని నడిచేవాణ్ణి. ఆ టీకొట్టు ముసలాయన రోజూ పొద్దున్నే బెంచీ మీద దుమ్ము తుడిచి, మళ్లీ పది నిమిషాలకు తుడిచేవాడు. "బాబూ, మా అబ్బాయి పెళ్లికి ముందు మొదలైంది, మనవడు బడికెళ్తున్నాడు" అని నాకు లెక్క చెప్పాడు. తిట్టలేదు. అయిపోతే బాగుంటుందన్నాడు, అంతే.

1985 మార్చిలో మొదటిసారి ఎక్కాను. ఎండలోంచి మెట్లు దిగుతుంటే చల్లగాలి తగిలింది. అప్పట్లో ఏసీ పెట్టెలు కావు, చల్లబరిచిన గాలిని సొరంగంలోకి ఫ్యాన్లతో నెట్టేవారు. ప్లాట్‌ఫాం మీద నిలబడితే రైలు కనబడక ముందే గాలి వచ్చేది. ముందు చెవులకు తగిలి, తర్వాత పంచె రెపరెపలాడి, ఆ తర్వాత చీకట్లోంచి వెలుగు, అప్పుడు రైలు. రవీంద్ర సదన్‌లో గోడల మీద ఠాగూర్ చేతిరాత. నాకు బెంగాలీ రాదు. ఒకాయన ఆగి ఒక్కొక్క లైను చదివి హిందీలో అర్థం చెప్పాడు, ఆయన రైలు వెళ్లిపోతున్నా పట్టించుకోలేదు. పైన ఊళ్లో ఎక్కడ చూసినా కిళ్లీ మరకలే. కింద ఒక్క మరక చూపించు అంటే చూపించలేం. అదే జనం. మెట్లు దిగగానే జేబులోంచి పొట్లం తీసి మళ్లీ లోపల పెట్టుకునేవాళ్లు.

టీకొట్టు ఆయన ఎక్కాడో లేదో అడుగుదామని వెతికాను. కొట్టు అక్కడ లేదు.

చీమకుర్తి నల్లరాయి (చీమకుర్తి)

పెద్దాయనా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఏఈ గారూ, ఒరల బావి పోలికతో నాకు మొదటిసారి అర్థమైంది. వృథా అన్న మాట వెనక్కి తీసుకుంటాను. కానీ ఆ టీకొట్టాయన లాంటివాళ్ల సంగతి చరిత్ర రాసేవాళ్లు ఎక్కడా రాయరు, ఆ బాధ మాత్రం నాకు పోదు. ఇంకొకటి, లైను మొత్తం 1984లోనే అయిపోయిందా?

కావలి ఓవర్‌బ్రిడ్జి (కావలి)

లేదన్నా. 1984 నవంబర్ 12న ఉత్తరాన డమ్‌డమ్ – బెల్‌గాఛియా ముక్క తెరిచారు. 1986లో దక్షిణాన టాలీగంజ్ దాకా వెళ్లింది. మధ్యలో ముక్క మిగిలిపోయింది. అటు కొంత ఇటు కొంత, నడుమ దారి లేదు. అంతా కలిసి డమ్‌డమ్ నుంచి టాలీగంజ్ దాకా ఒకే రైలు నడిచింది 1995 సెప్టెంబర్ 27న. శంకుస్థాపన నుంచి లెక్కేస్తే ఇరవై రెండేళ్ల తొమ్మిది నెలలు.

మధ్యలో బెల్‌గాఛియా – శ్యాంబజార్ దగ్గర పైనుంచి తవ్వడం కుదరలేదు. అక్కడ పైన రైల్వే యార్డు, పాత కాలవ ఉన్నాయి. ఆ కాస్తా షీల్డుతో, అంటే ముందుకు నెట్టుకుంటూ పోయే ఉక్కు గొట్టం చాటున, లోపలినుంచి తొలిచారు. నీళ్లు లోపలికి రాకుండా సొరంగంలో గాలిని ఒత్తిడితో నింపి పని చేశారు.

మనవాళ్లు గర్వపడే సంగతి ఒకటి చెబుతాను. 1970లో ఈ లైను ప్లానింగు, డిజైను బాధ్యత చూసిన ఇంజినీరు ఈ. శ్రీధరన్. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టిన ఆయనే. ఇంజినీరింగ్ చదివింది మన కాకినాడ కాలేజీలో. ఇంకో సంగతి, ఆ లైనుకు పెట్టెలు తయారైంది మద్రాసు పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో. 

మార్కాపురం పలక (మార్కాపురం)

అన్నలకు, అక్కకు నమస్తే. ఇన్నాళ్లూ చదవడమే, ఎప్పుడూ రాయలేదు. ఏఈ గారి పోస్టు చూశాక రాయకుండా ఉండలేకపోయాను. నేను మా వైపు కృష్ణా నీళ్లు తేవడానికి తవ్విన వెలిగొండ సొరంగంలో నాలుగేళ్లు పని చేశాను.

మాది అక్కడికి పూర్తిగా ఎదురు. వాళ్లకు మెత్తటి మట్టి, నీళ్లు, నెత్తిన నగరం. మాకు గట్టి రాయి, నెత్తిన నల్లమల, పులుల అడవి. ఒక్కో సొరంగం దాదాపు 18.8 కిలోమీటర్లు. మొదటిది 7 మీటర్ల వ్యాసం, రెండోది 9.2 మీటర్లు. సొరంగం తొలిచే మిషన్ ముందు చక్రానికి కట్టర్లు ఉంటాయి, గుండ్రటి ఉక్కు బిళ్లలు. గట్టి రాయి తగిలిన రోజున అవి అరిగిపోతాయి. మిషన్ ఆపి, సందులోంచి చక్రం ముందుకు దూరి, ఒక్కోదాన్ని గొలుసుతో ఎత్తి మార్చాలి. లోపల వేడికి బనియన్ పిండితే నీళ్లు కారేవి. రాతిపొడి, బెల్టు చప్పుడు. ఒకరి మాట ఒకరికి వినపడక సైగలతోనే మాట్లాడుకునేవాళ్లం. మిషన్ కాస్త ముందుకు జరగగానే వెనక కాంక్రీటు ముక్కలు తెచ్చి చుట్టూ బిగించి ఒక రింగు పూర్తి చేస్తాం. ఏఈ గారు చెప్పిన ఒరే, కాకపోతే పడుకోబెట్టిన ఒర.

అక్కా, మీరు ఎక్కిన నది కింది లైను ప్రారంభమైంది 2024 మార్చి 6న. మా వెలిగొండ జంట సొరంగాలను జాతికి అంకితం చేసింది కూడా అదే రోజు, 2024 మార్చి 6. పొద్దున టీవీలో కలకత్తా వార్త, తర్వాత మా దోర్నాల వార్త. మా అమ్మ ఆ వార్త చూసి అడిగింది: "వాళ్లకు రైలొచ్చింది, మనకు నీళ్లెప్పుడొస్తాయిరా?" అని. 1996లో మొదటి శంకుస్థాపన జరిగినప్పుడు నేను పుట్టలేదు. సొరంగాలు తొలవడం అయినా అప్పటికింకా కాలవల పని మిగిలే ఉంది. ఇల్లు అలకగానే పండగ కాదని మా పడమటి ప్రకాశం వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మంచినీళ్లలో ఫ్లోరైడుతో నడుములు వంగిపోయినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. అందుకే ఆ టీకొట్టాయన నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపించాడు.

కోవూరు రిటైర్డ్ ఏఈ (కోవూరు)

పడుకోబెట్టిన ఒర. నలభై ఏళ్ల సర్వీసులో ఇంత చక్కటి మాట నాకు తట్టలేదు తమ్ముడూ. ఇంకా రాయి. అక్కడ పని చేసినవాళ్ల మాటలు ఏ ఫైల్లోనూ ఉండవు.

ఆచారి వీధి (నెల్లూరు)

మాది నెల్లూరు ఆచారి వీధిలో బంగారు పని. మా షాపులో ముగ్గురు బెంగాలీ కుర్రాళ్లు పని చేస్తారు. వాళ్లలో ఒకడి మేనమామ ఇల్లు కలకత్తా బౌబజార్‌లో. అందరూ గొప్పగా చెబుతున్నారు కాబట్టి ఈ మాట కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నా.

2019 ఆగస్టు 31. నది కింది లైను కోసం మిషన్ బౌబజార్ కింద తొలుస్తుంటే నీటి పొర తెగింది. నీళ్లతో పాటు మట్టి సొరంగంలోకి కొట్టుకొచ్చింది. పైన నేల కుంగి ఇళ్లు బీటలు వారాయి, కొన్ని కూలాయి. వందల మందిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించి హోటళ్లలో పెట్టారు. ఎక్కువ దెబ్బ తిన్నవి దుర్గా పిథూరి లేన్, స్యాక్రాపారా లేన్. స్యాక్రా అంటే బెంగాలీలో కంసాలి. అంటే మా కులవృత్తి వీధే. ఆ రోజు మావాడు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మూస ముందు అలాగే కూర్చున్నాడు. కుంపటి ఆరిపోయింది. మేనమామ కట్టుబట్టలతో బయటికొచ్చాడు, పనిముట్లు లోపలే ఉండిపోయాయి. కంసాలికి పనిముట్లు పోతే చేతులు పోయినట్టే. తాత వాడిన పట్టకార్లు, కమ్మచ్చు కొట్లో దొరకవు. 2022లో అదే ప్రాంతంలో మళ్లీ ఇళ్లు బీటలిచ్చాయి.

చీమకుర్తి నల్లరాయి (చీమకుర్తి)

నేను మొదట్లో చెప్పబోయింది ఇదే. పైనున్న మనిషిని లెక్కలో వేసుకోవాలి.

మార్కాపురం పలక (మార్కాపురం)

ఆచారి అన్నా, చదివి మనసు చివుక్కుమంది. లోపల పని చేసేవాడికి కూడా నీళ్లంటేనే భయం. రాయి చప్పుడు చేసి చెబుతుంది, నీళ్లు చెప్పవు. మాకు గోడలో ఒక చోట తడి కనబడితే చాలు, ఫోర్‌మన్ దాకా పరిగెత్తేవాళ్లం. అక్కడ లోపల ఉన్న కుర్రాళ్లకు ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోగలను. కానీ బయట ఇల్లు పోయినవాడి ముందు మా టెన్షన్ ఎంతని.

కావలి ఓవర్‌బ్రిడ్జి (కావలి)

బౌబజార్ వల్లే ఆ లైను నడుమ తెగి ఉండిపోయింది. సాల్ట్ లేక్ వైపు 2020లో మొదలైంది, 2022లో సియాల్దా దాకా వచ్చింది. హౌరా వైపు 2024లో తెరిచారు. మధ్యలో సియాల్దా – ఎస్ప్లనేడ్ ముక్క 2025 ఆగస్టు 22న గానీ కలవలేదు. పాత లైనుకి జరిగినట్టే దీనికీ జరిగింది, రెండు చివర్లు ముందు, నడుము చివర్న.

మన పక్కనున్న చెన్నై సంగతి కూడా ఒక మాట. అక్కడ మొదటి భూగర్భ లైను, తిరుమంగళం నుంచి నెహ్రూ పార్కు దాకా, 2017 మే 14న మొదలైంది. కేంద్ర మంత్రి హోదాలో జెండా ఊపినవాళ్లలో మన నెల్లూరు జిల్లా బిడ్డ వెంకయ్యనాయుడు గారున్నారు. చెన్నై మెట్రో రైళ్లలో మొదటి తొమ్మిది బ్రెజిల్ నుంచి వచ్చాయి, మిగతావి తడ దగ్గర శ్రీసిటీలో తయారయ్యాయి. ఆస్పత్రి పనుల మీద సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కే మనవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో.

పెన్నాతీరం (నెల్లూరు)

ఏదో చిన్న ప్రశ్న అడిగాననుకున్నాను. ఈ పోస్టులన్నీ మావాడికి ఫోన్లో చదివి వినిపించాను. ఆచారి అన్నయ్యా, వాడి కాలేజీ నుంచి బౌబజార్ దగ్గరేనట. మీ కుర్రాడి మేనమామకు ఏదైనా చేర్చాలంటే చెప్పండి, వాడు వెళ్లి ఇచ్చి వస్తానన్నాడు.

ఆచారి వీధి (నెల్లూరు)

ఆ మాటే పదివేలమ్మా. మావాడు ఒక పట్టకార్ల సెట్టు కొని దాచాడు, పార్సిల్లో వేయడానికి మనసొప్పక. మీరు ఈసారి వెళ్లేటప్పుడు షాపు దగ్గరికి వస్తే ఇస్తాడు.

పొగాకు బ్యారన్ (ఒంగోలు)

అమ్మాయ్, నాదీ ఒక కోరిక. 1996 తర్వాత నేను కలకత్తా పోలేదు. ఆ నీలం లైట్లు చూడాలనుంది. మోకాళ్లు నొప్పులు, హౌరాలో కిందిదాకా మెట్లు దిగాల్సి వస్తుందా? లిఫ్టు ఉంటే ఎటువైపు ఉందో మీ అబ్బాయిని కాస్త కనుక్కోమను.

పెన్నాతీరం (నెల్లూరు)

ఉందట బాబాయ్ గారూ. నిన్న సాయంత్రం వాడు ప్రత్యేకంగా వెళ్లి చూసొచ్చాడు. రోడ్డు మీద నుంచి టికెట్ల దాకా ఒకటి, అక్కడి నుంచి ప్లాట్‌ఫాం దాకా ఇంకొకటి. మేం సంక్రాంతి తర్వాత హౌరా మెయిల్లో బయల్దేరుతున్నాం, ఒంగోల్లో ఆగుతుంది. మీ వయసు, పేరు మెసేజ్ పెడితే మా టికెట్లతో పాటే మీకు కింది బెర్తు చేయిస్తాను.